మంచుబాట పట్టే పిల్లలకు ఈ సలహాలు చెప్పకండి

సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో పుష్యమాసపు తెల్లారుజామున ఎగువ మానేరు నర్మాల కట్ట మీద నిలబడితే పళ్ళు టకటకలాడతాయి. పది పన్నెండు డిగ్రీల చలికే మంకీ టోపీలు బయటికొస్తాయి, ఇండ్ల ముందర మంటలు లేస్తాయి. పొద్దెక్కేసరికి అంతా మామూలే. మనకు తెలిసిన చలి ఇంతే. ఈ చలిని బట్టే అమెరికాలో, కెనడాలో ఉన్న పిల్లలకు రోజూ ఫోన్లో జాగ్రత్తలు చెబుతుంటాం. చెప్పేది ప్రేమతోనే. కానీ వాళ్ళలో కొందరు ఇప్పుడు మంచు మీద స్కీలు కట్టుకుని మైళ్ళకు మైళ్ళు నడిచి వస్తున్నారు. అక్కడ మన ప్రేమ సరిపోదు, మన సలహాల్లో సగం వాళ్ళ ప్రాణం మీదికి తెచ్చేవే. అందుకే సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఇండ్లలో నేను మళ్ళీ మళ్ళీ వినే తప్పుడు సలహాలను ఇక్కడ ఒక్కచోట పెట్టి, ఏది ఎందుకు తప్పో చెబుతున్నాను.

మొదటిది, అన్నిటికంటే ఎక్కువగా వినపడేది: "అసలు బయటికే పోకు బిడ్డా, రూములనే ఉండు." నవంబరు నుంచి మార్చి దాకా నాలుగు గోడల మధ్య, పొద్దు పొడిచిందీ గూకిందీ తెలియకుండా కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లల గొంతు ఎలా మారిపోతుందో ఫోన్లో విన్న తల్లిదండ్రులకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ దేశాల్లో శీతాకాలాన్ని తట్టుకునే దారి బయటికి వెళ్ళడమే. పగటి వెలుగు కంట పడాలి, ఒళ్ళు కదలాలి. రెండూ ఒకేసారి ఇచ్చే పని క్రాస్ కంట్రీ స్కీయింగ్.

ఆ మాట వినగానే సినిమాల్లో చూసిన దృశ్యం గుర్తొచ్చి "కొండ మీదికెల్లి దుంకుడు మనకెందుకు, కాళ్ళు చేతులు విరుగుతయ్" అనేస్తారు. అది వేరే ఆట. కొండ దిగే స్కీయింగ్‌లో బూటు మడమతో సహా స్కీకి బిగించి ఉంటుంది, పైకి తీసుకుపోవడానికి లిఫ్టు ఉంటుంది. క్రాస్ కంట్రీలో బూటు ముందు భాగం మాత్రమే స్కీకి తగులుకుంటుంది, మడమ లేస్తుంది, మనిషి తన కాళ్ళతో తానే పోవాలి. స్కీలు సన్నగా, తేలిగ్గా ఉంటాయి. ఎక్కువగా చదునైన బాటల మీదే నడక. నేర్చుకునే రోజుల్లో పడతారు, మంచులో మెత్తగా పడతారు, లేస్తారు. మనోళ్ళతో అయ్యే పని కాదనేవాళ్ళకు ఒక మాట: 2014లో సోచి ఒలింపిక్స్‌లో నదీమ్ ఇక్బాల్, 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో జగదీశ్ సింగ్ భారతదేశం తరఫున దిగింది ఈ ఆటలోనే.

ఉదాహరణకు ఒక చోటు పట్టుకుని మాట్లాడుకుందాం, లేకపోతే సలహాలన్నీ గాలిలో ఉంటాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బోస్టన్ నుంచి కారులో ఐదు గంటల దూరంలో, అట్లాంటిక్ ఒడ్డున అకాడియా నేషనల్ పార్క్ ఉంది. మౌంట్ డెజర్ట్ అనే ద్వీపంలో దాదాపు సగం ఈ పార్కే. 1919లో లఫాయెట్ పేరుతో నేషనల్ పార్క్ అయింది, 1929లో అకాడియాగా పేరు మారింది. మన తెలుగువాళ్ళు అక్టోబరులో ఆకుల రంగులు చూడటానికి బండ్లు కట్టుకుని వస్తారు, కాడిలాక్ కొండ మీద పొద్దుపొడుపు చూసి ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. డిసెంబరు వచ్చేసరికి కొండ మీదికి పోయే రోడ్డూ, పార్కును చుట్టే పెద్ద రోడ్డులో చాలా భాగమూ మూసేస్తారు. పక్కనున్న బార్ హార్బర్ ఊళ్ళో హోటళ్ళు చాలా మట్టుకు తాళాలు వేసుకుంటాయి. అప్పుడు మిగిలేది క్యారేజ్ రోడ్లు, వాటి మీద నిశ్శబ్దం.

ఆ బాటలను 1913 నుంచి 1940 దాకా జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ తన డబ్బుతో, దగ్గరుండి వేయించాడు. పార్కు లోపలే 45 మైళ్ళు. కార్ల రొద లేకుండా గుర్రపు బండ్లు తిరగడానికని వేయించిన కంకర బాటలు కాబట్టి గుర్రం అలసిపోకుండా ఎత్తుపల్లాలు మెల్లమెల్లగా వస్తాయి. చమురు కుబేరుడి కొడుకు కార్లు రాని బాటలు వేయించడం నాకు ఎప్పుడూ గౌరవం కలిగించే విషయం. ఆ మెల్లని వాలే ఇప్పుడు కొత్తగా స్కీలు కట్టుకున్నవాళ్ళను కాపాడుతోంది. తగినంత మంచు పడ్డప్పుడు స్వచ్ఛందంగా పనిచేసే స్థానికులు యంత్రాలతో కొన్ని బాటల మీద మంచును సాపు చేసి, స్కీలు పట్టేటట్టు జంట గాడులు వేసి పెడతారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఇది సముద్రతీరం. ఉప్పునీరు గడ్డకట్టాలంటే సున్నాకు దాదాపు రెండు డిగ్రీలు కిందికి పోవాలి, అందుకని సముద్రం తన పక్కనున్న గాలిని మరీ చల్లారనివ్వదు. లోపలి రాష్ట్రాల్లో నెలల తరబడి పొడి మంచు ఉంటే, తీరంలో పాదరసం సున్నాకు కాస్త పైకి, కాస్త కిందికి ఊగుతుంది. పొద్దున మంచు, మధ్యాహ్నం వాన, రాత్రికి మళ్ళీ గడ్డ. అలాంటి చోట మనిషిని పడగొట్టేది ఎక్కువగా తడి. మన సలహాలన్నీ చలి చుట్టూ తిరుగుతాయి. తడి మాట ఎవ్వరూ ఎత్తరు.

"కాటన్ బట్టలే ఏసుకో, ఒంటికి మంచిది." అవ్వలు, అమ్మలు, పెద్దమ్మలు అందరూ చెప్పే మాట. మే నెల జగిత్యాలలో, నలభై అయిదు డిగ్రీల ఎండలో, దీన్ని మించిన సలహా లేదు. నూలుబట్ట చెమట పీల్చుకుంటుంది, తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఎండాకాలంలో మనకు కావలసిన ఆ గుణమే మంచులో శత్రువవుతుంది. స్కీయింగ్‌లో చేతులు, కాళ్ళు, నడుము అన్నీ ఒకేసారి పనిచేస్తాయి, పావుగంటలో వీపు తడుస్తుంది. నూలు బనియను ఆ తడిని పట్టుకుని వదలదు. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. బాట పక్కన ఊపిరి తీసుకోవడానికి ఆగిన రెండు నిమిషాలకే వణుకు మొదలవుతుంది. జీన్స్ ప్యాంటు ఇంకా అధ్వాన్నం. మోకాళ్ళ దాకా తడిసిన జీన్స్ గడ్డకట్టి కర్రలా బిగుసుకుంటుంది.

మరేం వేసుకోవాలి? జవాబు మన జిల్లాలోనే ఉంది. సిరిసిల్ల మరమగ్గాల మీద ఎక్కువగా నేసేది పాలిస్టరే. ఎండాకాలంలో మనం ఉక్కపోస్తుందని తిట్టుకునే ఆ దారం నీటిని దాదాపు పీల్చుకోదు. పాలిస్టరుతో అల్లిన పలుచని లోపలి చొక్కా చెమటను ఒంటి మీంచి పైబట్టకు నెట్టేస్తుంది, తొందరగా ఆరుతుంది. రెండోది ఉన్ని. వానలో గొంగడి కప్పుకుని గొర్ల వెంట తిరిగిన కురుమ పెద్దమనిషిని అడగండి: తడిసిన గొంగడి కూడా వెచ్చగానే ఉంటుంది. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ తీసుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. దక్కను గొర్రె ఉన్ని ముతక, చర్మానికి గుచ్చుకుంటుంది, అందుకని లోపల వేసుకోవడానికి మెరినో ఉన్ని కొనుక్కుంటారు. గుణం మాత్రం ఒకటే. 1888లో గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద మొదటిసారి అడ్డంగా దాటిన నార్వే దేశస్థుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్, ఆయన వెంట ఉన్న ఐదుగురూ నమ్ముకున్నది ఉన్ని బట్టలనే. కాబట్టి ఇంటి నుంచి ఏదైనా పంపాలనుకునేవాళ్ళు నూలు బనియన్ల కట్ట పంపకండి. ఆ డబ్బులు పంపండి, వాళ్ళే అక్కడ ఉన్ని కొనుక్కుంటారు.

దీని వెనకే వచ్చేది: "రెండు స్వెటర్లు, దాని మీద పెద్ద జాకెట్, అన్నీ ఏసుకునే బయటికెళ్ళు." బస్సు కోసం నిలబడేవాళ్ళకు ఇది సరిపోతుంది. స్కీ చేసేవాళ్ళు బయలుదేరేటప్పుడు కాస్త చలి అనిపించేటట్టు ఉండాలి. పది నిమిషాలు నడిస్తే ఒళ్ళే పొయ్యి రాజేసుకుంటుంది. మందపాటి జాకెట్ సంచిలో ఉండాలి. ఆగినప్పుడు తొడుక్కోవాలి, కదిలేటప్పుడు తీసేయాలి. వేడెక్కుతున్నట్టు అనిపించగానే టోపీ తీసి జేబులో పెట్టుకోవడం, మెడ దగ్గర జిప్పు తెరవడం, చెమట పట్టకముందే చేయాల్సిన పనులు. చెమట పట్టాక ఏం చేసినా ఆలస్యమే.

"కాళ్ళకు మూడు జతల సాక్సులు తొడుగు" అనేది కూడా ఇట్లాంటిదే. బూటు బిగుసుకుపోతే రక్తం వేళ్ళ దాకా పోదు, వేళ్ళు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. ఒక్క జత ఉన్ని సాక్సులు చాలు, బూటు లోపల వేళ్ళు కదలాలి.

వీటికంటే ప్రమాదకరమైన సలహాలు రెండున్నాయి, వాటిని ఎక్కువగా తోటి స్నేహితులే చెబుతారు. ఒకటి, "ఒక పెగ్గు ఏసుకుని పో అన్నా, వెచ్చగుంటది." మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, అందుకే వెచ్చదనం అనిపిస్తుంది. నిజానికి గుండెకు, కాలేయానికి కావలసిన వేడి ఆ దారినే బయటికి పోతుంది. పైగా చలి తలకెక్కుతున్న సంగతి తాగినవాడికి తెలియదు. రెండోది, వేళ్ళు తెల్లబడి స్పర్శ పోతే "మంచుతోని రుద్దు" అనడం. రుద్దితే గడ్డకట్టిన కణాలు పగులుతాయి. మంట దగ్గర పెట్టినా తప్పే, స్పర్శ లేని వేలు కాలినా తెలియదు. చేతివేళ్ళయితే చంకలో పెట్టుకుని వెంటనే వెనక్కి మళ్ళాలి. లోపలికి చేరాక ఒంటి వేడికి సమానమైన, అంటే 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో ఉంచాలి, డాక్టరుకు చూపించాలి. మళ్ళీ గడ్డకట్టే వీలున్న చోట కరిగించకూడదు, రెండోసారి గడ్డకడితే నష్టం రెట్టింపవుతుంది.

"చలిల నీళ్ళెందుకు, దూప కాదు గదా!" ఈ విషయంలో మాత్రం మన దుబాయి బాపులే సరైనవాళ్ళు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయి ఎండలో పనిచేసి వచ్చిన తరం, దూప కాకముందే తాగాలన్న సంగతి ఒంటి మీద నేర్చుకుంది. మంచులోనూ అంతే. చల్లటి పొడిగాలి పీల్చి వదిలే ప్రతి శ్వాసతో నీరు పోతుంది, చలి వల్ల దూప తెలియదు. కాబట్టి బాపు చెప్పినట్టే గంటకోసారి తాగాలి. సీసాను తలకిందులుగా పెట్టుకుంటే మంచు ముందు అడుగున కడుతుంది, మూతి పూడుకుపోదు. నువ్వుల ముద్దలో, మలీద ముద్దలో లోపలి జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి గట్టిపడకుండా ఉంటాయి.

నడక గురించి కూడా తప్పుడు సలహాలు తక్కువేం లేవు. "కర్రలతో తోసుకుంటూ పో, కాళ్ళదేముంది" అంటారు. కర్రలు సాయం మాత్రమే, పని కాళ్ళది. క్లాసిక్ పద్ధతిలో స్కీ మధ్యభాగం కొంచెం విల్లులా పైకి వంగి ఉంటుంది. బరువంతా ఒక కాలి మీద వేసి కిందికి నొక్కినప్పుడే ఆ మధ్యభాగం మంచును పట్టుకుంటుంది, అప్పుడు రెండో కాలు ముందుకు జారుతుంది. ఎండాకాలంలో మానేరు ఇసుకలో నడిచినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది: కాలిని వెనక్కి తన్నితే ఇసుక జారిపోతుంది, నిలువుగా దించి నిలకడగా బరువు వేస్తే అడుగు నిలుస్తుంది. "భయమైతే వెనక్కి వాలు" అనేది ఇంకో తప్పు. వెనక్కి వాలితే స్కీలు ముందుకు పరుగెత్తి వీపు మీద పడతారు. మోకాళ్ళు వంచి, కొంచెం ముందుకు వంగి ఉండాలి. పడక తప్పదనుకుంటే పక్కకు కూర్చోవాలి. వాలు దిగేటప్పుడు స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరానికి తెచ్చి లోపలి అంచులు నొక్కితే వేగం తగ్గుతుంది. ఈ ఆపడం రానిదే ఏ వాలూ దిగొద్దు. మొదట్లో సామాను కొనొద్దు కూడా, అద్దెకు దొరుకుతుంది. అడుగున చేప పొలుసుల్లాంటి గీతలున్న స్కీలు అడగండి, మైనం పూసే బాధ ఉండదు.

ఇక తీరానికే ప్రత్యేకమైన సలహా: "నిన్న వాన పడ్డది గదా, ఇయ్యాల మంచిగ జారతది." మంచు మీద వాన పడి రాత్రికి గడ్డకడితే బాట మొత్తం గట్టి పెచ్చు అవుతుంది. దాని మీద స్కీ అంచు దిగదు, బ్రేకు పడదు. అలాంటి రోజు బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు తగిలించుకుని నడవడమే సరైన పని. తాజా మంచు పడి, రాత్రి చల్లగా ఉండి, పొద్దున ఆకాశం తేటగా ఉన్న రోజు కోసం ఆగాలి. తీరంలో అలాంటి రోజులు వరుసగా రావు, వచ్చిన రోజును వదులుకోవద్దు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది చెరువుల గురించి. క్యారేజ్ రోడ్లు ఈగిల్ లేక్ పక్కన, జోర్డన్ పాండ్ పక్కన పోతాయి. ఈగిల్ లేక్ చుట్టూ బాట సుమారు 6 మైళ్ళు. బార్ హార్బర్ ఊరు తాగేది ఆ సరస్సు నీళ్ళే. అలసిపోయినప్పుడు "గడ్డకట్టింది గదా, అడ్డంగ పోదాం, దగ్గరయితది" అని ఎవరో ఒకరు అంటారు. వద్దు. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల తేటమంచు గడ్డ ఉండాలని అక్కడివాళ్ళు లెక్క చెబుతారు. తెల్లగా, పొరలు పొరలుగా ఉన్న గడ్డయితే దానికి రెండింతలు కావాలి. పైన మంచు కప్పి ఉంటే కింద గడ్డ ఎంత మందమో కంటికి తెలియదు. ఆ మంచే దుప్పటిగా పనిచేసి గడ్డను మందం కానివ్వదు. తీరంలో ఒక వెచ్చని వారం గడ్డను గుల్ల చేసిపోతుంది.

ఈ మాట గంభీరావుపేట పిల్లలకు తొందరగా ఎక్కాలి. ఎగువ మానేరు ఒడ్డున పెరిగినవాళ్ళు వాళ్ళు. కూడవెల్లి వాగు వచ్చి కలిసే చోట నీళ్ళు పైకి నిలకడగా కనపడ్డా అడుగున ఎట్లా లాగుతాయో, మత్తడి దుంకే చోటికి ఎందుకు పోవద్దంటారో చిన్నప్పుడే విన్నారు. 2025 ఆగస్టు వరదకు నర్మాల దగ్గర మానేరు అవతల చిక్కుకుపోయిన రైతులను హెలికాప్టర్లో బయటికి తేవలసి వచ్చింది. నీళ్ళు కదిలే చోటు ఎక్కడిదైనా ప్రమాదమే. గడ్డకట్టిన సరస్సులో కూడా వాగు వచ్చి కలిసే మూల, నీరు బయటికి పోయే మూల, వంతెన కింద గడ్డ పలుచగా ఉంటుంది. బాట ఎంత చుట్టయినా బాట మీదే పోవాలి.

"బాట అందరిదీ, ఎక్కడ నడిస్తే ఏంది?" అన్నది చిన్న విషయంలా కనపడుతుంది. గాడుల్లో బూట్లతో నడిస్తే గుంతలు పడతాయి, రాత్రికి అవి గడ్డకడతాయి, పొద్దున వచ్చిన స్కీ వాటిలో చిక్కుకుంటుంది. తెల్లవారకముందే లేచి, జీతం లేకుండా ఆ గాడులు వేసినవాళ్ళ కష్టానికి మర్యాద ఇవ్వాలి. నడిచేవాళ్ళు బాట అంచున, ఒక్క వరుసలో నడవాలి. మన గుంపులు పదిమంది పక్కపక్కన నడుచుకుంటూ, స్పీకర్లో పాటలు పెట్టుకుని పోవడం నాకు నచ్చదు. అందరూ అంత దూరం వచ్చేది ఆ నిశ్శబ్దం కోసమే.

చివరిది: "ఫోన్ ఉంది గదా, ఏమన్నయితే ఫోన్ చెయ్యి." చలికి బ్యాటరీ సగం ఉండగానే ఆరిపోతుంది, కొండల చాటున సిగ్నల్ ఉండదు. ఫోన్‌ను ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలి, కాగితం మీద అచ్చేసిన మ్యాపు, తలకు కట్టుకునే లైటు కూడా తీసుకుపోవాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది. అందుకే పొద్దున తొమ్మిదికి బయలుదేరి ఒంటిగంటకల్లా కారు దగ్గరికి చేరేటట్టు దారి ఎంచుకోవాలి.

అమ్మలూ, బాపులూ, మీకు ఒక మనవి. అక్కడ పొద్దున తొమ్మిదంటే శీతాకాలంలో మనకు రాత్రి ఏడున్నర, ఒంటిగంటంటే పదకొండున్నర. పిల్లలు మంచు మీదికి పోతున్నామని చెబితే భయపడి ఆపకండి. ఎవరితో పోతున్నారో, ఏ బాటన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో అడగండి. ఆ మూడు సంగతులూ మీతో పాటు అక్కడే ఉన్న ఒక రూమ్మేట్‌కో, స్నేహితుడికో చెప్పి వెళ్ళమనండి. వేళకు రాకపోతే 911కు ఫోన్ చేయాల్సింది ఆ మనిషే.